బీరు పులిసేదాకా

బహ్రెయిన్‌లోని ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఆ ఇంట్లో పనికి చేరిన మూడో రోజు, చీపురు కోసం వెతుకుతూ వంటింటి వెనకున్న చిన్న గది తలుపు తీశాను. లోపల ఏసీ నడుస్తోంది. మనుషులు ఉండని గదికి ఏసీ ఎందుకా అనుకునేలోపే వాసన ముక్కుకు కొట్టింది. నాకు బాగా తెలిసిన వాసన. బెల్లం పులిస్తే, తవుడు తడిసి ముక్కితే, రెండూ కలిసి వచ్చే వాసన. గది మూల స్టూలు మీద తెల్లటి ప్లాస్టిక్ పీపా ఉంది. దాని మూతకు గుచ్చిన వంకర గాజు గొట్టంలో కాసిని నీళ్ళున్నాయి. నేను చూస్తుండగానే ఆ నీళ్ళలోంచి ఒక బుడగ లేచింది. బుడుక్. కాసేపాగి ఇంకొకటి.

తలుపు వేసేసి చీపురు లేకుండానే తిరిగొచ్చాను. ఆ రోజంతా చేతులు పని చేస్తూనే ఉన్నాయి గానీ మనసు ఆ గది గుమ్మంలోనే తచ్చాడింది.

మాది నెల్లూరు జిల్లా. నా భర్త సారా తాగి తాగి ముప్ఫై నాలుగేళ్ళకే పోయాడు. పోయేముందు కళ్ళు పసుపు పూసినట్టయ్యాయి, కాళ్ళు సన్నబడి పొట్ట ఒక్కటే ఉబ్బింది. ఆయన పోయిన మరుసటేడు మా జిల్లాలో ఆడవాళ్ళు సారా దుకాణాల మీదికి లేచారు. నేను పదో తరగతి దాకా చదివినదాన్ని కాబట్టి అప్పట్లో మా వాడలో పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పేదాన్ని. అక్షరాలు దిద్దడానికి వచ్చినవాళ్ళే ఒక సాయంత్రం పలకలు పక్కన పెట్టి, కొంగులు బిగించి నడిచారు. ముందు వరసలో నేనున్నాను. ఏటిగట్టు తుమ్మచెట్ల చాటున సారా కాచడానికి పులియబెట్టి పూడ్చిన ఊట కుండల్ని తవ్వి తీసి రోకలితో పగలగొట్టాను. ఊట నా కాళ్ళ మీదుగా పారింది. ఎన్నిసార్లు కడుక్కున్నా రెండు రోజులపాటు ఆ వాసన పోలేదు.

అలాంటి నేను సముద్రం దాటి వచ్చి, మళ్ళీ ఆ వాసన ఉన్న ఇంట్లోనే పడ్డాను.

నన్ను బహ్రెయిన్ రప్పించింది మా మరిది, నా భర్త తమ్ముడు. అతను అప్పటికి ఏడేళ్ళుగా అక్కడ సెంట్రింగ్ పని చేస్తున్నాడు. స్లాబులకు చెక్కలు కొట్టడం, కాంక్రీటు గట్టిపడ్డాక వాటిని ఊడదీయడం అతని పని. గుదైబియాలో ఆరుగురితో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉండేవాడు. హిద్‌లో ఓడలు మరమ్మతు చేసే యార్డులో ఒక తెల్లదొర ఇంజనీరు ఉన్నాడని, ఆయనింట్లో పనిమనిషి కావాలని అతనికి ఒక డ్రైవరు చెప్పాడట. "ఇంట్లో కూచోని ఏం జేస్తావు వదినా, ఇంగ్లీషు రెండు ముక్కలు వచ్చు గదా నీకు, వొచ్చెయ్" అని ఉత్తరం రాశాడు. వచ్చేశాను. నా భర్త పోయాక నన్ను తమ ఇంటి మనిషిగా చూసింది అత్త తర్వాత అతనొక్కడే.

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే. సార్ తెల్లవారక ముందే డ్యూటీకి వెళ్ళి సాయంత్రం వచ్చేవాడు. మేడమ్‌కి అరవై దగ్గర పడుతున్నాయి. పొడుగు మనిషి. రెండు మోకాళ్ళూ పాడైపోయి కర్ర పట్టుకుని నడిచేది. అయినా ఒక్కచోట కూర్చునేది కాదు. ఆ కిటికీ దగ్గరికి వెళ్ళి తెర తీసేది, ఎండ చూసి తెర వేసేది, ఇంకో కిటికీకి వెళ్ళేది. బీరు చేసేది సార్ కాదు, ఆమే. చిన్నప్పుడు వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకుందట. అమ్మకానికి కాదు, అంతగా తాగడానికీ కాదు. నాకు ముగ్గు వేయడం ఎలాంటిదో ఆమెకు అది అలాంటిది.

నాలుగో రోజు ఉండబట్టలేక చెప్పేశాను. "మేడమ్, ఆ రూములో పని నేను చేయను." ఎందుకని అడిగింది. నాకున్న ఇంగ్లీషులో, "మై హస్బెండ్. డ్రింక్, డ్రింక్. డెడ్" అన్నాను. ఆమె పొయ్యి ఆర్పి నా ముఖంలోకి చూసింది. "ఓకే" అంది. అంతే. ఆ తర్వాత ఏడెనిమిది నెలలు ఆ గది ఆమే తుడుచుకుంది.

దాంతో నాకు ఊరట కలగలేదు. ఆమె ఒక చేత్తో తలుపు పట్టుకుని, మోకాలు మడవలేక ఒంటికాలు చాపి తడిగుడ్డ వేస్తుంటే, జీతానికి వచ్చిన నేను వంటింట్లో నిలబడి వినేదాన్ని. గుడ్డ పిండిన చప్పుడు వినిపించేది. ఆ వెనకే బుడుక్ మనేది. తోమిన గిన్నెలే మళ్ళీ తోమేదాన్ని. అలమరలో డబ్బాలన్నీ కిందికి దించి మళ్ళీ పైన సర్దేదాన్ని. ఒక రోజు అవే డబ్బాలు మూడుసార్లు సర్దాను.

ఆ చలికాలంలో మేడమ్ స్నానాల గదిలో జారిపడింది. కుడి మణికట్టు విరిగి, చేయి మోచేతి దాకా కట్టులో పడింది. అప్పటికి పీపాలో బీరు ఉంది. ఇంకొన్ని రోజుల్లో సీసాల్లోకి పొయ్యాలి. సార్‌కి ఆ పని మీద ఆసక్తి లేదు. "పారబొయ్యి" అన్నాడు. మేడమ్ ఒక కుర్చీ లాక్కొచ్చి ఆ గది గుమ్మంలో వేసుకుని, పీపా వైపు చూస్తూ కూర్చుంది. నన్ను సాయమడగలేదు. అడిగి ఉంటే కాదనేదాన్నేమో. రెండు రోజులు చూశాను. మూడో రోజు చేతులు తుడుచుకుంటూ వెళ్ళి, "చెప్పండి, ఏం చెయ్యాలో" అన్నాను.

ఎందుకన్నానో చాలాసార్లు ఆలోచించాను. ఆమె మీద జాలి కొంత. అంతకంటే ఎక్కువగా, సగంలో ఆగిపోయిన పనిని చూస్తూ ఊరుకోలేకపోయాను. అది నా గుణం.

ముందు సీసాలు కడగడం నేర్పింది. మామూలుగా కాదు, క్రిముల్ని చంపే మందుపొడి కలిపిన నీళ్ళలో నానబెట్టి, మూడు నీళ్ళు మార్చి, బోర్లించి ఆరబెట్టాలి. తర్వాత ఒక గాజు పుల్లను చేతికిచ్చింది. కింద బరువు, ఒంటి మీద గీతలు. పీపాలోంచి కొద్దిగా బీరు పొడుగు గ్లాసులోకి తీసి, ఆ పుల్లను వదిలితే తేలుతుంది. తీపి ఎక్కువ ఉంటే పైకి తేలుతుంది, ఈస్టు ఆ తీపిని తినేసేకొద్దీ కిందికి దిగుతుంది. మొదటి రోజు చూసి ఆమె, "నాట్ యెట్" అంది. రెండో రోజూ అదే మాట. మూడు రోజులు వరసగా పుల్ల ఒకే గీత దగ్గర నిలిస్తేనే పని పూర్తయినట్టు.

తొందరపడితే ఏమవుతుందని అడిగాను. మేడమ్ కట్టులేని చేత్తో ఒక సీసా పట్టుకుని, బుగ్గలు పూరించి, ఒక్కసారిగా "ఢాం" అంది. ఆపైన కర్ర ఎత్తి గది పైకప్పు చూపించింది. అక్కడ సున్నంలో గోధుమరంగు మరక, పక్కనే గోరంత లోతున చెక్కుకుపోయిన గుంట. లోపల తీపి మిగిలి ఉండగా మూత బిగిస్తే, సీసాలోనూ పులుస్తూనే ఉంటుంది. గాలి పుడుతుంది, పోవడానికి దారి ఉండదు. గాజు పగులుతుంది. తనకు పెళ్ళయి నలభై ఏళ్ళయినా ఆ తొందర పోలేదని నవ్వింది.

నాలుగో రోజుకు గానీ "యస్" అనలేదు. నురగ కోసం ఒక్కో సీసాలో అర చెంచా మాత్రం చక్కెర వేసి, బీరు పోసి, చేతి మిషనుతో రేకు మూత నొక్కాను. టక్కుమని పడేది. ఆ చప్పుడు నాకు నచ్చింది. నచ్చిందని ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది.

కట్టు విప్పాక కూడా ఆ చేతికి బలం రాలేదు. గది పని నాదైపోయింది. మేడమ్ కుర్చీలో కూర్చుని చెప్పేది, నేను చేసేదాన్ని. వాళ్ళ దేశం నుంచి తెచ్చుకున్న బార్లీ పాకం డబ్బాను వేడినీళ్ళలో పెట్టి కరిగించడం, చక్కెర కలపడం, చన్నీళ్ళు పోసి గోరువెచ్చగా దించడం, పైన ఈస్టు చల్లడం. మూడోసారికి ఆమె చెప్పకముందే చేస్తున్నాను. ఒకసారి గ్లాసులో మిగిలినది నాలుకకు తాకించుకున్నాను. చేదు. వేపపుల్ల నమిలినట్టుంది. దీనికోసమా మనుషులు చచ్చిపోయేది అనిపించింది. కానీ ఏసీ ఎంతలో ఉందో చూడకుండా వంట మొదలుపెట్టలేకపోయేదాన్ని. పొద్దున లేవగానే ఆ గొట్టం దగ్గరికి వెళ్ళి బుడగలు లెక్కపెట్టేదాన్ని. నిముషానికి పది. మర్నాడు ఆరు. ఆపైన రెండు. వంద కుండలు పగలగొట్టిన చేతులివేనా అనుకుంటూనే లెక్కపెట్టేదాన్ని.

శుక్రవారం నాకు సెలవు. రెండు వారాలకొకసారి మరిది వచ్చేవాడు. ఇద్దరం గుదైబియా వెళ్ళి, అతని ఫ్లాట్ కింద ఉన్న కెఫెటేరియాలో టీ తాగి, ఊరి సంగతులు మాట్లాడుకునేవాళ్ళం. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక శుక్రవారం అతను హుషారుగా ఉన్నాడు.

"రాత్రి మా రూములో బీరు పెట్టినాం వదినా. ఆ మత్తు లేని బార్లీ డ్రింకు డబ్బాలు అమ్ముతారు గదా, అవి తెచ్చి నీళ్ళ క్యానులో పోసి, చక్కెర వేసి, రొట్టెల బేకరీలో ఈస్టు తెచ్చి గుప్పెడు వేసినాం. నురగ జూడాల నువ్వు!"

"గుప్పెడా? అంత వేస్తే రొట్టె వాసనొస్తాది" అన్నాను. నోరు జారింది.

అతను గ్లాసు దించాడు. "నీకెట్ట తెలుసు?"

దాచలేకపోయాను. మేడమ్ చేయి విరగడం, సీసాలు, మూతలు అన్నీ చెప్పాను. వింటూ వింటూ పకపకా నవ్వాడు. పక్క బల్లలవాళ్ళు తిరిగి చూశారు. "ఊళ్ళో కుండలు పగలగొట్టి, ఈడికొచ్చి కుండలు పెడతా ఉండావా వదినా?"

వదినను ఆటపట్టించడం మరిదికి ఉన్న హక్కే. ఇంకో మాటైతే నేనూ నవ్వేదాన్ని. ఆ మాట మాత్రం సూదిలా దిగింది. రోజూ నన్ను నేను అడుక్కుంటున్న మాటే అది.

నా ముఖం చూసి నవ్వు ఆపాడు. "సర్లే, తమాషాకన్నా. ఒక్కటి జెప్పు. సీసాల్లోకి ఎప్పుడు పొయ్యాల? మావాళ్ళు నాలుగు రోజులు చాలంటా ఉండారు. షర్బత్ సీసాలు ఏరిపెట్టినాం, మరమూతలవి."

"నాకు తెలీదు."

"తెలీకేం. నీకు తెలుసు."

"తెలీదని చెప్తా ఉండా గదా! మీ అన్న ఎట్ట పోయినాడో కళ్ళారా చూసినావు. చూసి గూడా బుద్ధి రాలేదా?"

అతను టీ పూర్తి చేయలేదు. లేచి, "పద, నిన్ను దిగబెట్టొస్తా" అన్నాడు. గేటు దగ్గర, "అది సారా వదినా. ఇది బీరు" అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి రోజులు నాకిప్పటికీ గంటల లెక్కన గుర్తున్నాయి. సోమవారానికి వాళ్ళ క్యాను నాలుగో రోజులో పడుతుంది. హాల్లో ఫోను ఉంది. కెఫెటేరియా నంబరు నా దిండు కింద కాగితం మీద ఉంది. ఆదివారం రిసీవర్ ఎత్తి మళ్ళీ పెట్టేశాను. ఎత్తి ఏమని చెప్పాలి? ఆగమని చెబితే సరిగ్గా చేసుకోమని చెప్పినట్టేగా. నా మొగుణ్ణి మింగినదాన్ని నేనే మరిదికి పాఠం చెప్పి తాగించాలా? వెళ్ళి బట్టలు ఆరేశాను. మళ్ళీ ఫోను దగ్గరికి వచ్చాను. షర్బత్ సీసాలు పలచన. బీరు సీసాల్లా మందం ఉండవు. ఆ సంగతి అతనికి తెలీదు, నాకు తెలుసు. సోమవారం పొద్దున కూడా రిసీవర్ ఎత్తాను. "ఎవరికి?" అని మేడమ్ అడిగింది. "ఎవరికీ కాదు, దుమ్ము తుడుస్తున్నా" అన్నాను. మిగతా రోజంతా మెట్లు ఎక్కుతూ దిగుతూ గడిపాను. సాయంత్రానికి, ఈపాటికి పోసేసి ఉంటారులే, ఇక చేసేదేముంది అనుకున్నాను. అలా అనుకోగానే కొంత తేలికపడ్డాను కూడా. ఆ తేలికపడటమే ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది.

వారం గడిచింది. రెండో శుక్రవారం మరిది రాలేదు. ఆదివారం మధ్యాహ్నం, నాకు ఈ పని చూపించిన డ్రైవరు గేటు దగ్గరికొచ్చి చెప్పాడు. గురువారం మరిది డ్యూటీ నుంచి వచ్చి, మంచం కింది అట్టపెట్టెలోంచి ఒక సీసాను బయటికి తీశాడట. తీసిన చేతిలోనే పేలింది. కుడి అరచేయి అడ్డంగా తెగింది. ఆస్పత్రిలో కిటికీ అద్దం తగిలిందని చెప్పి కుట్లు వేయించుకొచ్చారు.

"ఇంకా పదకొండు సీసాలు ఆ మంచం కిందే ఉన్నాయి బహెన్. ఎవరూ ఆ రూములోకి పోవడం లేదు. పోలీసులకు చెబితే అందరి పనీ ఖలాస్. అంతా వరండాలో పడుకుంటున్నారు" అన్నాడు.

దొరల ఇళ్ళలో చేసుకుంటే ఎవరూ అడిగేవారు కాదు. బ్యాచిలర్ల గదుల్లో దొరికితే మాత్రం మొదటి విమానంలోనే ఊరికి ఎక్కించేస్తారని అందరికీ భయం.

లోపలికి పరిగెత్తి మేడమ్‌కి చెప్పాను. ఏడుస్తూ చెప్పానో, ఏ భాషలో చెప్పానో గుర్తు లేదు. ఆమె నా ఏడుపు గురించి అడగలేదు. "ఎన్ని సీసాలు? ఏ రకం? ఆ గదిలో ఏసీ ఉందా?" అని అడిగింది. ఏసీ ఉంది గానీ భయపడి ఆర్పేశారట అని చెప్పాను. ఆమె ముఖం మారిపోయింది. కర్ర అందుకుని, "యల్లా" అంది. పదమని. ఆమెకు వచ్చిన అరబ్బీ ఆ ఒక్క ముక్కే.

తోటపని తోలు చేతిగ్లౌజులు, మందపాటి తువ్వాళ్ళు, సార్ యార్డులో పెట్టుకునే కళ్ళద్దాలు, పెద్ద టబ్బు, అన్నీ కారులో వేసుకున్నాం. దారిలో ఐసు మూటలు కొంది. విరిగి అతికిన చేత్తోనే కారు నడిపింది. గేరు మార్చినప్పుడల్లా పళ్ళు బిగించడం చూస్తూ కూర్చున్నాను.

ఆ ఫ్లాట్ మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. ఒక్కో మెట్టుకూ ఆగుతూ ఎక్కింది మేడమ్. తలుపుల్లోంచి మనుషులు తొంగిచూస్తున్నారు. వరండాలో చాపల మీద అయిదుగురు కూర్చుని ఉన్నారు. తెల్లదొరసానిని చూసి లేచి గోడకు అంటుకుపోయారు. మరిది మూల కూర్చున్నాడు. చేయి తెల్లటి మూటలా ఉంది. నన్ను చూసి తల తిప్పుకున్నాడు.

వాళ్ళలో నిజామాబాద్ వైపు పెద్దాయన ఒకడున్నాడు. చేతులు అడ్డం పెట్టాడు. "వద్దు చెల్లె, గవి ముట్టకు. పేలుతయ్. దుబాయికొచ్చి పద్దెనిమిదేండ్లాయె, గిసొంటిది ఎన్నడు సూడలే. దొరసానికి గిట్ల ఏమన్నయితే మేమెవ్వరం బతకం." వాళ్ళ వైపు గల్ఫులో ఏ దేశమైనా దుబాయే.

"అన్నా, తలుపు దగ్గర నిలబడొద్దు. దుప్పట్లు తడిపి ఇయ్యండి, చాలు" అన్నాను.

మేడమ్ మోకాళ్ళ మీద వంగలేదు. అందుకని మంచం కిందికి దూరాల్సింది నేనే. ముందు ఏసీ వేయించింది. కళ్ళద్దాలు పెట్టుకుని, తడి దుప్పటిని ముఖానికి అడ్డంగా పట్టుకుని, నేల మీద పాకుతూ వెళ్ళి దాన్ని పెట్టె మీద కప్పాను. దాని మీద ఇంకొకటి. ఆ పైన ఐసు. మేడమ్ గుమ్మంలో కర్ర ఆనించుకుని నిలబడి, "స్లో, స్లో" అంటూనే ఉంది. బయటికి వచ్చి తలుపు దగ్గరికి వేశాం. ఇక చల్లబడేదాకా ఆగాలి. చల్లబడితే లోపలి గాలి అణుగుతుంది.

గంటకు పైగా వరండాలో కూర్చున్నాం. నాకు కూర్చోవడం చేతకాలేదు. ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగాను. ఎవరో మేడమ్‌కి కుర్చీ తెచ్చారు, ఇంకెవరో టీ తెచ్చారు. ఆమె గడియారం చూసుకుంటూ తాగింది. మధ్యలో లోపల నుంచి "ధబ్" మని వినిపించింది, మూటలో రాయి పడినట్టు. అందరం ఉలిక్కిపడ్డాం. దుప్పట్ల కిందే ఒకటి పగిలింది. "టెన్" అంది మేడమ్, టీ కప్పు దించకుండా.

తర్వాత పెట్టెను దుప్పట్లతో సహా మెల్లగా లాగి, సీసాల్ని ఒక్కొక్కటిగా ఐసు టబ్బులోకి మార్చాం. మొదటి రెండూ మేడమ్ తీసింది. సీసా చుట్టూ తువ్వాలు రెండు మడతలు చుట్టి, ముఖం పక్కకు తిప్పి, మూతను వెంట్రుకవాసి తిప్పింది. స్‌స్‌స్ మని గాలి. ఆగింది. మళ్ళీ వెంట్రుకవాసి. రెండోది అయ్యేసరికి ఆమె మణికట్టు వణకసాగింది. గ్లౌజులు తీసి నాకిచ్చింది. మిగిలిన ఎనిమిదీ నేను తీశాను. ఒక్కోటీ ఒక్కో యుగం. అయిదోది చెయ్యి దాటి నురగ పైకప్పు దాకా ఎగజిమ్మింది గానీ గాజు నిలిచింది. చివరిది తీశాక వేళ్ళు ముడుచుకుపోయి గ్లౌజుల్లోంచి రాలేదు. మేడమ్ ఒక్కో వేలూ పట్టుకుని లాగింది.

అంతా మోరీలో పారబోస్తుంటే ఆమె ఒక చుక్క నాలుక మీద వేసుకుని ముఖం చిట్లించింది. నేనూ ఒక చుక్క రుచి చూశాను, పులవని తీపంతా అందులోనే ఉంది. "పాకం" అని తెలుగులో అన్నాను. ఆమెకు అర్థమైంది.

మనుషులు లోపలికి వచ్చి గాజుముక్కలు ఏరుకుంటున్నారు. నేను వరండాలో మరిది పక్కన కూర్చున్నాను.

"ఆ రోజు నాకు తెలుసు" అన్నాను. "ఎన్ని రోజులు ఆగాల్నో తెలుసు. ఆ సీసాలు పనికిరావని గూడా తెలుసు. ఫోను రెండుసార్లు ఎత్తినా. చెప్పలేదు."

అతను కట్టు చివర దారం పీకుతూ ఉన్నాడు.

"నీకు తెలుసనే గదా వదినా అడిగింది" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

మేడమ్ మెట్లు దిగడానికి నా భుజం మీద చేయి వేసింది. కారులో, ఇంటికి వచ్చాక, నన్ను ఏమీ అడగలేదు. ఫోను దగ్గర దుమ్ము తుడవడం ఆమె గుర్తు చేసుకుని ఉంటుందని నా అనుమానం.

మరిది కుట్లు మానాయి గానీ చిటికెన వేలు, ఉంగరం వేలు ముడుచుకోలేదు. నరం తెగిందన్నారు. సుత్తి పట్టు నిలవదు. సెంట్రింగ్ పని పోయింది. కంపెనీవాళ్ళు పంపించేస్తారనుకున్నాం గానీ, ఫోర్‌మన్ మంచివాడు కాబట్టి సామాన్ల స్టోరులో పెట్టుకున్నాడు. ఇచ్చిన పనిముట్లు రాసుకోవడం, తిరిగొచ్చినవి చూసుకోవడం. స్లాబు మీద ఆరుబయట గాలిలో తిరిగినవాణ్ణి రేకుల షెడ్డులో కూర్చోబెట్టారు. నన్ను చూడటానికి రావడం మానలేదు. బీరు మాట మాత్రం మా మధ్య మళ్ళీ రాలేదు.

నేను ఆ గది పని మానేస్తానని మేడమ్ అనుకుంది. మానలేదు. ఎందుకో ఆ రోజుల్లో అదొక్కటే నా చేతులు వణక్కుండా చేయగలిగిన పని. ఏడెనిమిది నెలల తర్వాత నిజామాబాద్ పెద్దాయన కెఫెటేరియాలో నన్ను పక్కకు పిలిచి, పిల్లలు మళ్ళీ క్యాను పెట్టాలని చూస్తున్నారని చెప్పాడు. "నేనెంత జెప్పినా ఇంటలేరు చెల్లె. నువ్వన్న జెప్పు." చెప్పాను. మానమని కాదు. మొదటి నుంచి చివరిదాకా, ఎన్ని రోజులు ఆగాలో, ఏ సీసాలు వాడాలో, ఎలా తెలుసుకోవాలో అన్నీ చెప్పాను. అది ఒప్పో తప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ మధ్యనే మా రాష్ట్రంలో మందు పూర్తిగా బంద్ చేశారని, మా వాడలో అందరికీ బెల్లం పంచారని ఉత్తరం వచ్చింది. రాసింది నా దగ్గర అక్షరాలు నేర్చుకున్నావిడే. పెద్ద పెద్ద అక్షరాలతో, "మనం గెలిచినాం అక్కా" అని. సంతోషంతో రెండుసార్లు చదివాను. మూడోసారి చదవలేక మడిచి పెట్టేశాను.

ఆ తర్వాతి ఏడు సెలవు మీద ఊరు వెళ్ళాను. మా అత్తకు, కొడుకు చేయి సైటులో దెబ్బతిందని మాత్రమే తెలుసు. అలాగే చెప్పమని మరిది నాకు మరీ మరీ చెప్పి పంపాడు. మూడు రోజులు ఓర్చుకున్నాను. తిన్న అన్నం ఒంటికి పట్టలేదు. ఇంట్లో ఒక చోట నిలవలేక పెరట్లోకీ వసారాలోకీ తిరుగుతుంటే, "ఏందే ఆ తిరుగుడు, కాలుగాలిన పిల్లి మాదిరి?" అంది అత్త. నాలుగో రోజు పొద్దున ఆమె వంకాయలు తరుగుతుంటే ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. మరిది ఏం అడిగాడో, నేనేమన్నానో, ఫోను సంగతి, అన్నీ.

కత్తిపీట మీద ఆమె చేతులు ఆగిపోయాయి.

"నాకెందుకు జెప్పినావు?" అంది చివరికి. "ఇప్పుడు నీకు నిద్ర పడతాది. నాకు పట్టదు."

ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టింది. మర్నాడు పొద్దున నీళ్ళ పొయ్యి దగ్గర కూర్చుని ఉంటే వచ్చి, పక్కన పీట వేసుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సీసా దానంతటది ఎట్ట పేల్తాదే? మంట లేదు, మందుగుండు లేదు. ఏముంటాది దాంట్లో?"

పొయ్యిలో పుల్లలు లోపలికి తోసి, చెప్పడం మొదలుపెట్టాను. బార్లీ అంటే ఏంటో, చక్కెర ఎందుకు వేస్తారో, ఈస్టు దాన్ని ఎలా తింటుందో, తిన్నాక గాలి ఎక్కణ్ణుంచి వస్తుందో. ఆమె మధ్యలో ఆపి ఆపి అడిగింది. అర్థం కానిచోట మళ్ళీ చెప్పించుకుంది. నీళ్ళు తెర్లిపోతున్నా ఇద్దరం లేవలేదు.